తగ్గించలేని వాటా

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో ప్రేమలత మామిడిపల్లిలోని పుట్టింట్లో ఉండి, నగరంలోని ఒక పరిశోధన సంస్థకు లెక్కలు కట్టేది. ఒకరి నుంచి ఎందరికి అంటుకుంటుంది, రాకపోకలు తగ్గితే కేసులు ఎప్పటికి తగ్గుతాయి, అదే ఆమె పని. ఎందరిని ఇళ్లలో ఉంచినా కొందరు బయటికి వెళ్లక తప్పదు. లెక్కలో ఆ వాటాను మాత్రం ఆమె ఎంతకూ తగ్గించలేకపోయింది.

తమ్ముడు జగదీశ్ దగ్గర్లోని శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో సరుకు దించేవాడు. ఆ రోజుల్లో దిగేవన్నీ మందుల పెట్టెలు, ఆక్సిజన్ యంత్రాలే.

"కొన్ని దినాలు సెలవు పెట్టురా. జర నా మాట విను," అంది ప్రేమలత.

"అందరం ఇంట్లనే కూసుంటే గా డబ్బాలు దవాఖానకు ఎట్ల పోతయక్కా?" అన్నాడు జగదీశ్ బూట్లు తొడుక్కుంటూ.

ఆ పెట్టెలు ఆగితే చావులు ఎంత పెరుగుతాయో ఆమే లెక్కగట్టింది. గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

వారం తిరక్కుండానే అతనికి జ్వరం, ఆయాసం. శంషాబాద్‌లో ఎక్కడా బెడ్డు దొరకలేదు. షాద్‌నగర్‌లో దొరికేసరికి మాట కూడా తెగిపోతోంది. పక్కన పెట్టిన ఆక్సిజన్ యంత్రాన్ని చూసి, "గిది మేం దించిందే ఉంటదక్కా," అని నవ్వబోయి దగ్గాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

కేసులు ప్రేమలత చెప్పినట్టే దిగొచ్చాయి. సంస్థవాళ్లు ఫోన్ చేసి మెచ్చుకుంటుంటే ఆమె మధ్యలోనే పెట్టేసింది. తల్లి చంద్రమ్మ అన్నానికి పిలిచినా వెళ్లకుండా మళ్లీ లెక్కల ముందు కూర్చుంది. ఆ తగ్గని వాటాకు, అంటే సరుకు దించేవాళ్లకు, డ్రైవర్లకు టీకా ముందుగా వేస్తే? లెక్కలో జబ్బు ఇంకా త్వరగా నెమ్మదిస్తోంది. అదే రాసి సంస్థకు పంపింది. పంపాక చాలాసేపు ఏడ్చింది.

కొంతకాలానికి జగదీశ్‌తో పనిచేసిన హరిప్రసాద్ ఇంటికొచ్చాడు.

"మా షెడ్డుల అందరికి సూదులిచ్చిన్రక్కా. నిన్ననే."

చంద్రమ్మ దగ్గరికొచ్చి అతని భుజం మెల్లగా తడిమింది.

"నొప్పున్నదా బిడ్డా?"

"లేదమ్మా."

ఆమె చెయ్యి అక్కడే ఉంచేసింది. ప్రేమలత చూడలేక లోపలికి వెళ్లిపోయింది.