ఏడో రీలులో రెండు నిమిషాలు

నా మేనకోడలు లైబ్రరీ మేడమీద గదిలో నెలకో సినిమా వేస్తుంది. కుర్చీలు నలభై ఉంటాయి, మనుషులు పాతికమంది వస్తారు. ఆ సినిమాలన్నీ ఇద్దరు మగవాళ్ళో ఇద్దరు ఆడవాళ్ళో ఒకరినొకరు ఇష్టపడే కథలు. కొన్నిట్లో ఆ సంగతి పైకే చెబుతారు. పాతవాటిలో చెప్పరు, స్నేహం కింద దాచిపెడతారు. తెలియవలసిన వాళ్ళకు తెలుస్తుంది. ఒక్కో నెల ఒక్కొక్కరు తమకిష్టమైన సినిమా ఎంచుకుని, అందరి ముందు నిలబడి అదెందుకు ఇష్టమో నాలుగు మాటలు చెప్పాలి. ఆ గది పద్ధతి అది.

నేను వెనక వరసలో తలుపు పక్క కుర్చీలో కూర్చుంటాను. గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానం వస్తే లేచిపోవడానికి వీలుగా ఉంటుందని.

ఒక నెల రిటైరైన పోస్ట్‌మాస్టర్ ఒకాయన ఇద్దరు సిపాయిల సినిమా వేయించాడు. "హీరో హీరోయిన్ వైపు చూసింది మొత్తం మీద మూడుసార్లు. స్నేహితుడి వైపు ఎన్నిసార్లు చూశాడో మీరే చూడండి. మా ఆవిడ పక్కన కూర్చుని నేనెటు చూస్తున్నానో చూసింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

మర్నాడు పొద్దున మేనకోడలు దువ్వెన నోట్లో పెట్టుకుని జడ వేసుకుంటూ, "అత్తా, వచ్చే నెల నీ వంతు" అంది.

"నాకేం తెలుసే."

"పాతికేళ్ళు సినిమా హాల్లో పనిచేసి ఏం తెలుసంటావేంటి?"

"నేను సినిమాలు చూడలేదే తల్లీ. రీళ్ళు చుట్టాను."

"అలా చుట్టిన వాటిలోనే ఒకటి చెప్పు."

నాకు నోటి మీద అదుపు లేకపోయింది. ఇద్దరు నర్సుల సినిమా ఒకదాని పేరు చెప్పేశాను. అంత పాతది దొరకదులే అని సర్దిచెప్పుకున్నాను.

మూడు వారాల్లో దొరికింది. "ఒక్క ప్రింటే మిగిలిందట అత్తా. పాత హాళ్ళు మూసేసినప్పుడు ఎవరో పిచ్చాయన డబ్బాలు కొని దాచాడట, దాన్నుంచి కాపీ తీశారు. అదృష్టం కదా" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. ఏ హాలు డబ్బాలు అని అడగడానికి నాకు ధైర్యం రాలేదు.

నేనుంటున్నది మేనకోడలి ఇంట్లోనే. ఆమె, ఆమెతో కలిసి బతికే పళ్ళ డాక్టరు, నేను. ఆ పళ్ళ డాక్టరు కూడా ఆడపిల్లే. ఏడేళ్ళ క్రితం మా అన్నయ్య కూతురితో మాట్లాడటం మానేసినప్పుడు, ఆమె ఆ పిల్లను వెంటబెట్టుకుని మొదట నా గుమ్మంలోకే వచ్చింది. నేను ఏమీ అడగకుండా రెండో పరుపు వేశాను. అప్పటినుంచి అందరితో, "మావాళ్ళలో తలుపు తీసింది అత్త ఒక్కతే" అని చెబుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మొహం చెల్లదు. ఎందుకు చెల్లదో ఆమెకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందోనని ఏడేళ్ళుగా భయం.

ఆ రోజుల్లో సినిమా హాల్లో నా పని రీళ్ళు వెనక్కి చుట్టడం. మెషిన్ గది పక్కన ఇంకో చిన్న గది, అందులో ఒక బల్ల, బల్లకు రెండు చివర్లా రెండు చక్రాలు. ఆడిన రీలును ఒక చక్రానికి తగిలించి, రెండో చక్రం చేత్తో తిప్పుతూ, ఫిలిం అంచును రెండు వేళ్ళ మధ్య పోనివ్వాలి. ఎక్కడ చిరిగినా వేలికి తెలుస్తుంది. అక్కడ ఆపి, పాడైన ముక్క కత్తిరించి, అంచు బ్లేడుతో గీకి, బ్రష్‌తో జిగురు పూసి, రెండు కొసలూ అతికి గట్టిగా నొక్కాలి. ఆపరేటర్ గారు నన్ను అతుకులమ్మ అనేవాడు. నా చదువు కూడా ఆ గదిలోదే. డబ్బాల మీది పేర్లు, హాలు ముందు అమ్మే పాటల పుస్తకాలు, ఆ తరువాత దొరికినదల్లా.

టికెట్లు ఇచ్చే ఆమెను కిటికీ అనేవాళ్ళు. బయటివాళ్ళకు ఆ అర్ధచంద్రం కంతలోంచి ఆమె చేతులు తప్ప ఇంకేమీ కనబడేవి కావు. నాకన్నా రెండేళ్ళు పెద్దది. ఆట మొదలయ్యాక కిటికీ మూసి, మెట్లెక్కి నా గదికి వచ్చి బల్ల మీద కూర్చునేది. నేను రీలు తిప్పుతుంటే నా తలలో పేలు చూస్తానని వంక పెట్టి జడ విప్పేది. నాకు పేలు లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నర్సుల సినిమా వచ్చినప్పుడు కిటికీ రోజూ ఏడో రీలు వేళకు పైకి రాకుండా హాల్లోకి వెళ్ళేది. పదకొండు సార్లు చూసింది. పన్నెండో రోజు నా గదికి వచ్చి, నా వైపు చూడకుండా చెప్పింది.

"నన్ను కొత్త హాలుకు పిలిచారే. వేరే ఊరు. నీ పనికీ మనిషి కావాలట."

"మా అమ్మ..."

"మీ అమ్మ సంగతి తరువాత. రేపు మధ్యాహ్నం ఆటకి నా పక్కన కూర్చో. ఏడో రీల్లో ఒక సీనుంది. నాకు నోటితో చెప్పడం రాదు, అది చూడు. చూశాక నీకు ఇష్టమైతే అలాగే కూర్చో. లేకపోతే లేచి వెళ్ళిపో. నేనేమీ అనుకోను."

"అందులో ఏముంది?"

"ఏమీ లేదు. అదే ఉంది. చివరికి ఏమవుతుందో వదిలెయ్, నాకూ నచ్చలేదు. ఆ ఒక్క సీను చూడు."

నేను ఓపిక పట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తెలియదు. పొద్దున్నే హాలుకు వెళ్ళాను. మెషిన్ గదిలో ఎవరూ లేరు. ఏడో రీలు బల్ల మీద పెట్టి, బల్బు వెలుగులో ఫిలిం పైకెత్తి చూశాను. హాస్టలు గది. ఒక నర్సు పెట్టె సర్దుకుంటోంది, పెళ్ళికి వెళ్ళిపోతోంది. రెండో ఆమె వచ్చి పెట్టె మూత మీద చెయ్యి వేసింది. కొంచెం ముందుకు తిప్పాను. ఆ చెయ్యి మూత మీదనుంచి లేచి, మొదటి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ మణికట్టును తన చెంప దగ్గరికి తీసుకుపోతోంది. ఒక్కో బొమ్మకూ గోరంత దగ్గరవుతోంది. అంతే. ముద్దు కూడా కాదు. నాకు చెవులు వేడెక్కాయి. నా మణికట్టు నాకు బరువైపోయింది.

మధ్యాహ్నం అది చీకట్లో నా పక్కన కూర్చుంటుంది. ఈ సీను వస్తుంది. నేను లేవాలి, లేదా కూర్చోవాలి. కాదని లేచే ధైర్యం నాకు లేదు. కూర్చునే ధైర్యం అంతకన్నా లేదు. సీను రాకపోతే ఏదీ చెయ్యక్కర్లేదు కదా అనిపించింది. ఆ ఆలోచన రావడం, కత్తెర చేతిలోకి రావడం ఒకేసారి జరిగాయి. రెండు నిమిషాల ఫిలిం. రెండు కొసలూ అతికి, నొక్కిపట్టి వంద లెక్కపెట్టాను. కత్తిరించింది చెత్తడబ్బాలో కుక్కి పైన కాగితాలు కప్పాను. సాయంత్రం ఊడ్చే ఆవిడ తీసుకుపోయింది.

ఆపరేటర్ గారు వచ్చాక, "ఏడో రీలు మధ్యలో పళ్ళు పోయాయి, తీసేశాను" అన్నాను. ఫిలిం అంచు చిల్లుల్ని మేము పళ్ళు అనేవాళ్ళం.

"మంచిపని చేశావు. రెండు నిమిషాలు ముందు ఇంటికి పోవచ్చు" అన్నాడు.

ఒక సంగతి మరిచిపోయాను. మరిచిపోకూడని సంగతి, ఆయన నాకు మొదటి వారంలోనే నేర్పినది. ఫిలింలో ఏ బొమ్మ మాట ఆ బొమ్మ పక్కనే ఉండదు, ఇరవై బొమ్మలు ముందుంటుంది. మెషిన్లో బొమ్మను చూసే చోటు ఒకటి, శబ్దం చదివే చోటు దానికి కొంచెం కింద. అందుకని పెద్ద ముక్క తీసేటప్పుడు మాట ఎక్కడ మొదలైందో చూసి తీయాలి. నేను బొమ్మ చూసి కోశాను.

మధ్యాహ్నం ఆటకు దాని పక్కన కూర్చున్నాను. కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఏడో రీలు మొదలయ్యాక కుర్చీ చేతి మీద ఉన్న దాని చెయ్యి తిరగేసి, అరచెయ్యి పైకి పెట్టింది. నర్సు పెట్టె తీసింది. రెండో ఆమె తలుపు దగ్గరికి వచ్చింది. తెర మీద ఒక తెల్లగీత మెరిసింది. ఆస్పత్రి వరండా వచ్చింది. బుర్రమీసాల పెద్ద డాక్టరు ఎదురుగా నడిచివస్తూ, ఆడపిల్ల గొంతుతో, "ఉండవే" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. ముందు వరసల్లో ఈలలు వేశారు.

అది నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. రీలు అయ్యేదాకా తెర వైపే చూసి, అప్పుడు నా చెవి దగ్గరికి వంగింది.

"అతుకు బాగా కుదిరిందే" అంది. "గట్టిగా ఉంది."

లేచి వెళ్ళిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. కూర్చుంటే ఇష్టమని అర్థం అన్నది కదా, ఇంకా కూర్చున్నాను. ఆపరేటర్ గారు తిట్టుకుంటూ మనిషిని పంపితే గాని లేవలేదు. ఆదివారం అది ఊరు వదిలి వెళ్ళింది. బస్సు దగ్గరికి రమ్మని ఎవరో చెప్పారు. రీళ్ళు ఉన్నాయన్నాను. సోమవారం కిటికీ కంతలో వేరే చేతులు ఉన్నాయి. ఆ తరువాత ఇంటికి ఏ చుట్టాలొచ్చినా, వాళ్ళు వెళ్ళే రోజున నేను వంటింట్లోంచి బయటికి రాను.

లైబ్రరీ గదిలో ఆ రోజు పాతికమంది కాదు, ముప్పైమంది దాకా వచ్చారు. అత్త మాట్లాడుతుందని మేనకోడలు అందరికీ చెప్పుకుంది. నన్ను ముందు నిలబెడితే, "సినిమా అయ్యాక చెబుతాను" అని వెళ్ళి తలుపు పక్కన కూర్చున్నాను. వేరే హాలు ప్రింటు అయి ఉంటుంది, ఆ సీను ఉంటుంది అని మొక్కుకుంటూ కూర్చున్నాను. ఉంటే నేను దాన్ని తెర మీద మొదటిసారి చూస్తాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

తెల్లగీత మెరిసింది. డాక్టరు "ఉండవే" అన్నాడు.

నవ్వారు. పోస్ట్‌మాస్టరు గారైతే కళ్ళు తుడుచుకున్నాడు. మేనకోడలు సినిమా ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ వేసింది. మళ్ళీ నవ్వారు.

"ఇక్కడేదో సీను లేపేశారు. చూశారా, ఇదీ వీళ్ళ పద్ధతి" అంది ఆమె. "ఇద్దరు ఆడవాళ్ళు ఒక గదిలో నిలబడితే చాలు, ఎవడో పెద్దమనిషికి కత్తెర గుర్తొస్తుంది."

"ఎవడో దరిద్రుడు" అన్నారెవరో.

నేను మాట్లాడకపోతే అయిపోయేది. ఆ లేని పెద్దమనిషిని నాలుగు తిట్లు తిట్టి ముందుకు పోయేవాళ్ళు. నేను లేచి నిలబడ్డాను. గ్యాస్ కోసం వెళ్తున్నాననుకుని పళ్ళ డాక్టరు నా కోసం తలుపు తీసింది.

"పెద్దమనిషి కాదే," అన్నాను. "నేను."

మేనకోడలికి అర్థం కాలేదు. "నువ్వేంటత్తా?"

"నేను కోశాను. ఇది మా హాలు ప్రింటు. ఎవరూ కొయ్యమనలేదు."

చెప్పాను. కిటికీ గురించి, కొత్త హాలు గురించి, తిరగేసిన అరచెయ్యి గురించి. సరిగా చెప్పలేకపోయాను, ముందుది వెనకా వెనకది ముందూ అయింది. మధ్యలో ఎవరో కుర్చీ తెచ్చారు గాని కూర్చోలేదు. మేనకోడలు మొహం చూడకుండా గోడ మీది స్విచ్చుల వైపు చూస్తూ చెప్పాను.

"ఆ సీనులో ఏముందో చెప్పండి," అన్నాడు పోస్ట్‌మాస్టరు గారు మెల్లగా. "మీకు తప్ప ఎవరికీ తెలియదు కదా."

పెట్టె గురించి, మూత మీద వేసిన చెయ్యి గురించి, మణికట్టు గురించి చెప్పాను. చెంప దాకా ఎన్ని బొమ్మలు పట్టిందో చెప్పాను.

"ఉండవే అంది కదా," అంది పళ్ళ డాక్టరు. ఇంకా తలుపు పట్టుకునే ఉంది. "దానికి ఆ పెళ్ళికూతురు ఏమంది?"

"తెలియదమ్మా."

"చూశారుగా."

"బల్బు ముందు చూశాను. బొమ్మలకు మాట ఉండదు. పెదాలు తెరిచి ఉన్నాయి. చాలా బొమ్మల్లో తెరిచి ఉన్నాయి, ఏదో చాలా చెప్పింది. ఏం చెప్పిందో నేను వినలేదు."

"ఆవిడకు తెలుసు," అంది మేనకోడలు. అప్పుడు చూశాను ఆమెను. "పదకొండు సార్లు చూసింది కదా. ఆవిడ ఎక్కడుంది?"

"వెతకలేదు."

"ఎన్నేళ్ళు?"

"నలభై నాలుగు."

పోనీలే అత్తా అంటుందేమో అనుకున్నాను. అంటుందని ఎదురు చూశాను కూడా, సిగ్గులేకుండా. ఆమె అనలేదు. కోపంగా కూడా లేదు. ఎప్పుడూ చూసే ఇంట్లో తెలియని గది తలుపు తెరుచుకున్నట్టు కాసేపు నా వైపు చూసి, మెషిన్ వైపు తిరిగింది.

"మిగతాది వేయనా?" అని అడిగింది. గదిని అడిగిందో నన్ను అడిగిందో తెలియదు.

"వెయ్యి," అన్నాను.

ఏడో రీలు తరువాతి కథను నేనెప్పుడూ మనసు పెట్టి చూడలేదు. పోస్ట్‌మాస్టరు గారి పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాను. మిగిలినది ముప్పావుగంట. పెళ్ళికూతురు పెట్టె పట్టుకుని హాస్టలు మెట్లు దిగింది, గేటు దగ్గర ఒక్కసారి ఆగింది, వెళ్ళిపోయింది. రెండో ఆమె వార్డులో దీపాలు వేసుకుంటూ పోయింది. ఉండమని అడిగితే ఆమె ఎందుకు ఉండలేదో, ఏం కారణం చెప్పి వెళ్ళిందో ఆ గదిలో ఎవరికీ అర్థం కాలేదు. లైట్లు వేశాక ఒకరిద్దరు ఆ మాటే అడిగారు. మేనకోడలు సమాధానం కోసం నా వైపు చూసింది. అది ఆ రోజు చెత్తడబ్బాతోపాటే పోయింది.