నా నోట్లో గంధం బొట్టు

నేను ఒక లాన్ కార్డును. ఈ కథ మొదలయ్యేసరికి హైమావతి బల్ల తుడుస్తోంది. తడిగుడ్డ గట్టిగా పిండి, ముందు బల్ల అంచులు, తరవాత కీబోర్డు కింద, ఆ తరవాత నేనున్న డబ్బా పైభాగం. వెనక్కి మాత్రం చెయ్యి పోనివ్వదు. తీగలున్న చోట తడి తగలకూడదని కంప్యూటర్ బిగించిన ఖాజా మొదటిరోజే చెప్పాడు. ఆ మాట ఆమె ఒక్కపూట కూడా మరవలేదు. ఆ మాట వినకుండా పెరట్లో ఉండిపోయిన మనిషి ఒకాయన ఆ ఇంట్లో ఉన్నాడు. ఆయన దగ్గరికి వస్తాను.

అరచేతిలో పట్టే ఆకుపచ్చ పలకను నేను. ఒక అంచున బంగారు రంగు పళ్లు, ఇంకో పక్క చదరపు నోరు. ఆ నోట్లో తీగ పెడితే బయటి కబుర్లు లోపలికి, లోపలి కబుర్లు బయటికి. నోటి పక్కన చిన్న పచ్చదీపం. అది వెలుగుతున్నంతకాలం నన్నెవరూ తలవరు. ఆరిపోతేనే నేనొకదాన్ని ఉన్నానని మనుషులకు గుర్తొస్తుంది.

పుట్టింది సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో. నాలాంటి వాళ్లతో కలిసి అట్టపెట్టెలో వచ్చాను. మొదటి ఉద్యోగం భీమవరంలో ఒక నెట్ సెంటర్. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు అక్కడ ఊపిరాడేది కాదు. మార్కులన్నీ నాలోంచే వచ్చేవి. పాసైనవాళ్లు దేవుడికి దండం పెట్టేవారు, తప్పినవాళ్లు కంప్యూటర్‌ని తిట్టేవారు. నా గుండా ప్రేమలేఖలు కూడా చాలానే వెళ్లాయి. వాటిలో చాలావాటికి జవాబు రాలేదు. కుర్రాళ్లు వెనక్కి వంగి నా తీగ ఊపి చూసుకునేవారు. అక్కడ తీగ చెయ్యగలిగింది ఏమీ లేదు పాపం.

నెట్ సెంటర్ మూతపడ్డాక సామానంతా ఖాజా కొన్నాడు. కొన్నాళ్లు బిస్కెట్ల డబ్బాలో మరలతో కలిసి పడుకున్నాను. అక్కడినుంచి హైమావతి ఇంటికి వచ్చాను. ఆమెది కంపెనీ కంప్యూటర్ కాదు. తెర ఒకచోట, డబ్బా ఒకచోట, లోపలి భాగాలు తలా ఒకచోట సంపాదించి ఖాజా అసెంబుల్ చేసిచ్చింది. శ్రావణమాసంలో పిడుగుపడి బోర్డుకి పుట్టుకతో ఉన్న నోరు మాడిపోతే దాని బదులు నన్ను బిగించాడు. ఎక్కడెక్కడివాళ్లమో ఒక డబ్బాలో సర్దుకుని బతికాం.

హైమావతి అంతకుముందు రొయ్యల షెడ్డులో పనిచేసేది. పొద్దుటినుంచి మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం. సాయంత్రానికి వేళ్లు తెల్లగా పాలిపోయి, అన్నం కలుపుకుంటే వేడి కూడా తెలిసేది కాదు. ఊళ్లో బడి చదువు, ఆ తరవాత నేర్చుకున్న తెలుగు టైపు, ఇవే ఆమె ఆస్తి. హైదరాబాదులో పుస్తకాలు వేసే కంపెనీ ఒకటి ఇంటి దగ్గరే టైపు చేసిపెట్టేవాళ్లు కావాలంటే రాసింది. సొంత కంప్యూటర్, సొంత కనెక్షన్ ఉండాలన్నారు. ఒకరోజు పరీక్ష పెడతామన్నారు. పదకొండింటికి చేతిరాత కాగితాలు పంపుతారు, పన్నెండింటిలోగా టైపు చేసి తిరిగి పంపాలి.

షెడ్డులో ఒక నియమం ఉంది. పని మానేసేవాళ్లు రబ్బరు బూట్లు తిరిగి ఇచ్చెయ్యాలి. హైమావతి సెలవు పెట్టిందే గాని బూట్లు ఇవ్వలేదు. కడిగి, ఆరబెట్టి, తలుపు వెనక ఉంచింది. కీబోర్డు మీద వేళ్లాడిస్తూ మధ్యమధ్య అటు చూసేది.

ఆ ఇంట్లో రెండో మనిషి ఆమె మామగారు గంగరాజు. కొడుకు రొయ్యల మేత మోసే లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు కనక పగలంతా ఇంట్లో వీళ్లిద్దరే. గంగరాజు బతుకంతా రైసుమిల్లులో ఆయిలింజను నడిపాడు. కంప్యూటర్ని ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు.

"ఏంటమ్మాయ్, ఆ డబ్బా ఇవాళేమన్నా పలికిందా? మా ఇంజను తోలితే ఊరంతటికీ వినపడేది. ఇదేంటి, మూగదానిలా!"

అలా అనే మనిషే దసరానాడు, హైమావతి పెరట్లో పిండివంటల దగ్గర ఉండగా, సానరాయి మీద గంధం తీసి గిన్నెతో నా దగ్గరికొచ్చాడు. మిల్లులో ఆయుధపూజకి ఇంజను ఒళ్లంతా బొట్లు పెట్టినా, నూనెపోసే నోటి దగ్గర పెట్టిందే అసలు బొట్టని ఆయన లెక్క. డబ్బా చుట్టూ తిరిగి నోరు కోసం వెతికాడు. వెనకాల మిణుకుమంటున్న నా దీపం కనిపించింది. తీగ లాగి, తడిగంధం వేలికొసతో నా నోట్లో నిండుగా పెట్టి, పైన కుంకుమ అద్ది, తీగ మళ్లీ గుచ్చాడు. కళ్లు మూసుకుని, "అమ్మాయికి అన్నం పెట్టు తల్లీ," అన్నాడు. నన్ను తల్లీ అన్నది ఆయనొక్కడే. అందుకే ఆ చల్లదనం సూదిలా లోపలికి దిగుతున్నా ఆయన మీద కోపం రాలేదు.

గంధం ఎండింది. నా నోట్లోని సన్నటి రాగి పుల్లలకు చిలుము పట్టడం మొదలైంది. దీపం వెలిగేది, ఆరేది. తెర మూలన ఎర్ర గుర్తు పడేది. హైమావతి తీగ కాస్త పైకెత్తితే మళ్లీ వచ్చేది. చివరికి అగరొత్తుల అట్టపెట్టె మడిచి తీగ కింద ఎత్తు పెట్టింది. ఫోన్ల లైన్‌మాన్ వచ్చి బయటి స్తంభం చూసి, లోపం ఇంట్లోదన్నాడు. గంగరాజు పిల్లిని అనుమానించాడు. అందరూ అన్నిటినీ చూశారు, నా నోరు తెరిచి చూసినవాళ్లు లేరు.

పరీక్షరోజు బల్ల తుడిచి, తెర మీది లేసు తొడుగు మడతపెట్టి, హైమావతి స్విచ్చి వేసింది. ఎర్ర గుర్తు. తీగ ఎత్తింది. అట్టపెట్టె ఇంకో మడత వేసింది. వేరే తీగ మార్చింది. ఆర్పి వెలిగించింది. ఎంతకీ పోలేదు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని తలుపు వెనకున్న బూట్ల వైపు చూసింది. తరవాత లేచి ఖాజాకి ఫోన్ చేసింది.

అతను బండి దిగేసరికి పదిన్నర దాటింది. మోడెం దీపాలు చూశాడు. తీగ తన సంచిలోని మీటరుతో చూశాడు. తీగ నా నోట్లో పెట్టి నొక్కితే దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది.

"తీగ బాగుంది చెల్లెమ్మా, మోడెమూ బాగుంది. రోగం ఈ కార్డుది."

కరెంటు ఆపి, మర విప్పి, నన్ను ఊడబెరికాడు. ఊపిరి తెగినట్టయింది. వెలుతురుకి ఎత్తి నోట్లోకి చూశాడు.

"ఇదేంటిది? పచ్చగా! ఎవరండీ దీని నోట్లో గంధం కూరింది?"

గంగరాజు గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీది కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు. హైమావతి ఆయన వైపు చూసింది. ఆయన వేలి గోటి అంచున గంధం మరక దసరా తరవాత వారందాకా పోలేదు, అది ఆమె చూసిందే.

"బిస్కెట్ల డబ్బాలో పడుండేది కదా అన్నయ్యా, అప్పటి మట్టేమో," అంది.

"ఇంత వాసనొచ్చే మట్టి నా కొట్లో ఉంటే అగరొత్తుల వ్యాపారం పెట్టుకునేవాణ్ణి," అని నవ్వి, నన్ను కిటికీలో పడేసి, ఖాజా జేబులోంచి కొత్త కార్డు తీశాడు. పాత ఖాళీలో దాన్ని కూర్చోబెట్టి, మర బిగించి, వెలిగించాడు. "డ్రైవర్ ఎక్కించాలి, కాస్త ఆగండి."

"డ్రైవరా?" అన్నాడు గంగరాజు, నోరు పెగుల్చుకుని. "అది ఇంజనుకి కదా!"

"దీనిక్కూడా ఉండాలి పెద్దాయనా. మీరు ఖాళీయేగా, ఎక్కుతారా?"

హైమావతి నవ్వలేదు. తెర మూల వైపే చూస్తోంది. ఎర్ర గుర్తు పోయింది. కొత్తవాడి దీపం వెలిగి మిణుకుమంది. ఆమె గుండెలోంచి వచ్చిన ఊపిరి కిటికీలో పడున్న నాకు కూడా తగిలింది. నా చోట ఇంకొకడు కూర్చున్నందుకు ఏడవాలో ఏమో, నాకు మాత్రం ఒళ్లు తేలికైంది. ఇన్నాళ్లూ వెలగలేక వెలిగాను. ఇక వెలగక్కర్లేదు.

పదకొండింటికి కాగితాలొచ్చాయి. ఎవరో పెద్దాయన గజిబిజి రాత. హైమావతి వేళ్లు కదిలాయి. గంగరాజు అరుగు మీద కూర్చుని, వీధిలో పోయే చేపల బుట్టవాణ్ణి కేకెయ్యొద్దని చేత్తో సైగచేశాడు. పన్నెండు కొట్టకముందే ఆమె పంపేసింది.

మధ్యాహ్నం ఆయనకు టీ ఇస్తూ నెమ్మదిగా అంది. "వచ్చే దసరాకి బొట్టు ముందువైపు పెట్టండి మావయ్యగారూ. చూసేవాళ్లకి కూడా బాగుంటుంది."

ఆయన గ్లాసు వైపే చూస్తూ, "ఇంజనుకి అలాగే పెట్టేవాణ్ణమ్మాయ్," అన్నాడు.

"ఇంజను పెద్దది కదండీ. తట్టుకునేది."

"ఆయ్, తట్టుకునేది," అన్నాడు.

పొద్దు వాలుతుండగా తెర మీదికి కంపెనీవాళ్ల ఉత్తరం వచ్చింది. హైమావతి మనసులో చదువుకుంది. మళ్లీ చదివింది. అప్పుడు పైకి చెప్పింది.

"మావయ్యగారూ, తీసుకున్నారు. రేపటినుంచే పంపుతారంట."

గంగరాజు లేచాడు. కిటికీ దగ్గరికొచ్చి నన్ను అరచేతిలో పెట్టుకుని, ఎండిన గంధాన్ని బొటనవేలితో తడిమి, మళ్లీ ఉన్నచోటే ఉంచాడు. కండువా తలకి చుట్టుకున్నాడు. తలుపు వెనకున్న రబ్బరు బూట్లు రెండూ ఒక చేత్తో ఎత్తి, చంకలో పెట్టుకుని, గుమ్మం దాటి షెడ్డు ఉన్న వైపుకి వెళ్లిపోయాడు.