పెద్ద చోట

వైరు చుట్ట భుజాన వేసుకుని, గోడ వారగా ఒక్కో మెలికా వదులుతూ, అతను వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ముందుకు నడుస్తూ వైరు వేసేవాళ్లంటే అతనికి చిన్నచూపు. వెనక్కి నడిస్తేనే అది ఎక్కడ లేచిందో, ఎవరి కాలికి తగులుతుందో కనిపిస్తుందంటాడు. చెవి మీద టెస్టరు, చొక్కా జేబులో నల్ల టేపు. హాల్లో కుర్చీలు ఇంకా ఒకదాని మీద ఒకటి ఎక్కించే ఉన్నాయి. వేదిక వెనక గుడ్డ బ్యానరు కట్టారు: ‘వైద్యం ఎవరి బాధ్యత? సోషలిజమా, పెట్టుబడిదారీ విధానమా?’ చివరి మాటకు చోటు చాలక, రాసినవాడు దాన్ని చిన్న అక్షరాల్లో ఇరికించాడు.

మైకు స్టాండుకు బిగించాక మామూలుగా అయితే అతను గొంతు సవరించుకుని, ‘హలో, హలో, ఒన్, టూ, త్రీ’ అనాలి. పెళ్లికి ముందు నుంచీ అదే మాట, అదే వరస. దాంతో అసలు పేరు అందరూ మరిచిపోయి హలో అనే పిలుస్తారు. చిన్నవాళ్లకు హలో బాబాయ్. ఓసారి బజార్లో ఎవరో ఫోన్లో హలో అంటే తననే అనుకుని వెనక్కి తిరిగి, “చెప్పండి” అన్నాడు. ఆ సంగతి తలుచుకుని భార్య ఇప్పటికీ నవ్వుతుంది.

ఇవాళ అతను హలో అనలేదు. మైకు తల మీద వేలితో టక్ టక్ మని కొట్టి ఊరుకున్నాడు. తన గొంతు ఆ బాక్సుల్లోంచి పెద్దదై తన మీదికే వస్తుంటే వినడం ఇప్పుడు అతని వల్ల కావడం లేదు. భయంగా ఉంది. ఆ భయం పొద్దున లేవగానే మొదలవుతుంది. భార్య కుళాయి దగ్గర ఉన్నప్పుడు అద్దం ముందు నోరు తెరిచి, టార్చి వేసి చూసుకుంటాడు. ఏమీ కనిపించదు. కనిపించకపోతే ఇంకా భయం. తర్వాత రోజంతా ఉత్తి గుటకలు వేస్తూ ఉంటాడు. తగ్గిందేమో అని ఒకటి, తగ్గలేదని ఇంకొకటి. ప్రతి గుటకకూ గొంతులో ఒకేచోట ఏదో అడ్డం తగులుతుంది.

మొదట్లో అందరూ మైకునే తిట్టారు. “సెట్టు గరగరమంటోంది హలో, మార్చవయ్యా” అని సభలకు పిలిచినవాళ్లంతా ఒకే మాట. అతనూ నిజమేననుకున్నాడు. వైరు మార్చాడు. మైకు లోపలి బిళ్ల మార్చాడు. బాక్సులు విప్పి దుమ్ము దులిపాడు. ఎక్కడ టంకం ఊడిందోనని ఆంప్లిఫయరు మిషను మొత్తం ముందేసుకుని కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, “ఇలా రా, దీంట్లో ఏదన్నా మాట్లాడు” అని భార్యను పిలిచాడు. ఆవిడ సిగ్గుపడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఏం మాట్లాడను, స్నానానికి నీళ్లు పెట్టా, వెళ్లు” అంది. గంట కొట్టినట్టు సందు చివరిదాకా వినిపించింది. ఎదురింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూసి నవ్వారు. అతను మాత్రం మైకు ఆపేశాడు. తప్పు మైకుది కాదు.

“జలుబు” అన్నాడు ఆవిడతో. ఆవిడ మిరియాల పాలు కాచి ఇచ్చింది.

మొన్ననే ధైర్యం చేసి సందు చివరి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన నాలుక మీద చెక్కపుల్ల పెట్టి, టార్చి వేసి చూసి, వెంటనే ఆర్పేశాడు. ఆ ఆర్పడమే అతనికి నచ్చలేదు. “ఇక్కడ కాదు. పెద్ద చోట చూపించుకోండి. ఆలస్యం చేయొద్దు” అని గంట నొక్కాడు డాక్టరు. తలుపు దగ్గర తర్వాతి మనిషి అప్పటికే చెప్పులు విడుస్తున్నాడు. పెద్ద చోటంటే ఏదండీ అని అడగాలనుకున్నాడు. లేచి వచ్చేశాడు.

పెద్ద చోట్లు రెండున్నాయి. ఒకటి సర్కారు ఆసుపత్రి. తెల్లవారకముందే దాని వరండాలో జనం దుప్పట్లు పరుచుకుని ఉంటారు. రెండోది అద్దాల మేడ. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లోపల చల్లగా ఉంటుంది, నవ్వుతూ పలకరిస్తారు, అందరికీ భయం వేసేది ఆ నవ్వు చూస్తేనే. కొత్త వార్డు తెరిచినప్పుడు మొదటిదాంట్లోనూ, మొత్తం మేడే తెరిచినప్పుడు రెండోదాంట్లోనూ మైకు పెట్టింది అతనే. రెండు చోట్లా ఉపన్యాసాలు బాగానే ఉన్నాయి. మిషను వెనక స్టూలు మీద కూర్చుని చూసినవాడికి ఆసుపత్రి ఏం తెలుస్తుంది?

సాయంత్రానికి హాలు నిండింది. చర్చ పెట్టిన సంఘం కార్యదర్శి, బ్యాంకులో పనిచేసే మనిషి, వక్తలిద్దరినీ పరిచయం చేశాడు. ఒకాయన కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. సన్నగా, కళ్లజోడు ముక్కు మీదికి జారుతూ ఉంటుంది. రెండో ఆయనకు పైపుల ఫ్యాక్టరీ ఉంది. నిండుగా ఉంటాడు, మాట్లాడుతుంటే చెయ్యి బల్ల మీద ఆడుతూనే ఉంటుంది. మాస్టారు మైకుకు దూరంగా జరుగుతాడు, పైపులాయన దాదాపు మింగేస్తాడు. మిషను దగ్గర అతని వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒకరికి పెంచాలి, ఒకరికి తగ్గించాలి. అతను సరిగ్గా పనిచేస్తే హాల్లో ఇద్దరూ సమానంగా వినిపిస్తారు.

“జబ్బును ఎవరూ కోరి తెచ్చుకోరు,” అన్నాడు మాస్టారు. “చొక్కా నచ్చకపోతే కొనడం మానేస్తాం. నొప్పితో మెలికలు తిరిగేవాడు బేరమాడగలడా? బేరమాడలేనివాడి ముందు కొట్టు తెరవడం వ్యాపారం కాదు. రోడ్డు వేసినట్టు, బడి పెట్టినట్టు, వైద్యం కూడా సర్కారే చూడాలి. అందరూ తలా కొంచెం వేసుకోవాలి, అవసరం పడినవాడు వాడుకోవాలి.”

నిజమే కదా అనుకున్నాడతను. ప్రాణం కొంచెం కుదుటపడింది. అయితే సర్కారుదే పెద్ద చోటన్నమాట.

“మాస్టారూ, సర్కారు కుళాయి నీళ్లిస్తోంది. మీ ఇంట్లో అవే తాగుతున్నారా?” అన్నాడు పైపులాయన. హాలు గొల్లుమంది. “అడిగేవాడు లేనిచోట శ్రద్ధ ఉండదు. పక్కన ఇంకో కొట్టు ఉందంటేనే ఈ కొట్టువాడు నిటారుగా కూర్చుంటాడు. కొత్త మందు కనిపెట్టేవాడికి నాలుగు రాళ్లు మిగులుతాయన్న ఆశ ఉండాలి. లేనివాడి తరఫున సర్కారును డబ్బు కట్టమనండి, నేను కాదన్నానా? ఆసుపత్రి మాత్రం నడపొద్దనండి. అది వాళ్లకు చేతకాదు.”

ఇదీ నిజమే. అతని గుండె మళ్లీ జారింది. మాస్టారు లేచి, ఆ కట్టే డబ్బుకు ఆశపడి రోగి ఒంటి మీద అక్కర్లేని కోతలు కోస్తే ఎవరు చూస్తారన్నాడు. వరుసలో నిలబడే ప్రాణం పోతే ఆ సమానత్వం ఏం చేసుకుంటారని పైపులాయన. చప్పట్లు ఇటు కొన్ని, అటు కొన్ని. అతను ఒక్కో మాటనూ ఒడిసిపట్టుకుంటున్నాడు. ఇంత మాట్లాడుతున్నారు కాబట్టి ఎక్కడో ఒకచోట చెప్పేస్తారు, ఫలానా చోటికి వెళ్లు అని. కోతలు అన్న మాట దగ్గర అతని చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి వెళ్లింది. గుటక వేశాడు. తగిలింది.

“ప్రశ్నలుంటే అడగొచ్చు” అన్నాడు కార్యదర్శి. చేతిమైకు పట్టుకుని కుర్చీల మధ్య తిరగడం అతని పనే. ప్రశ్న అడుగుతానని లేచినవాళ్లలో ఒకరు తన జీవితచరిత్ర చెప్పారు, ఇంకొకరు ఇద్దరు వక్తలకూ తలా ఒక అక్షింత వేసి కూర్చున్నారు. “ఇంకెవరైనా?” అన్నాడు కార్యదర్శి. ఎవరూ లేవలేదు. మైకు అతని చేతిలోనే ఉంది. ఆన్‌లోనే ఉంది.

ఆ క్షణాన అతనికి ఏం పుట్టిందో గానీ, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“పెద్ద చోట చూపించుకోమన్నారండి. పెద్ద చోటంటే ఏదండీ?”

బాక్సుల్లోంచి వచ్చింది మాట కాదు, రేకు మీద ఇసుక గీసినట్టు ఒక చప్పుడు. కార్యదర్శి మొహం చిట్లించాడు. “మైకు గరగరమంటోందయ్యా. ముందు అది చూడు.” వెనక వరుసల్లోంచి ఎవరో, “సెట్టు మార్చు హలో” అన్నారు. నవ్వులు. అలవాటు ఎక్కడికి పోతుంది, అతనూ మైకు వంక చూసుకున్నాడు, వేలితో కొట్టాడు. టక్ టక్. గోడలకు తగిలి తేటగా తిరిగొచ్చింది.

“మైకు బాగానే ఉందండి,” అన్నాడతను. “గొంతే.”

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవరో కుర్చీ జరిపారు. అతను వేదిక వంక చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు చెబుతారు.

ముందు మాస్టారే తేరుకున్నాడు. “చూశారా, నేను చెప్పేది ఇదే. ఇలాంటి మనిషి ఎటు వెళ్లాలో తెలియక నిలబడ్డాడంటే అది వ్యవస్థ వైఫల్యం” అన్నాడు. “ఆ వ్యవస్థ ఎవరిది? సర్కారుదే కదా” అన్నాడు పైపులాయన. “ఎక్కడికి వెళ్లాలో ఎంచుకునే హక్కు ఈయనకి ఉండాలా వద్దా, అది చెప్పండి.” ఈయన, ఈయన అంటూ ఇద్దరూ అతని వంకే చెయ్యి చూపిస్తున్నారు. మిషను దగ్గర ఎవరూ లేరు కదా, పైపులాయన గొంతు హాలంతా నిండిపోయి, మాస్టారు మాట వినిపించకుండా పోయింది. అతను గబగబా వెళ్లి ఒకటి తగ్గించి, ఒకటి పెంచి, స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది, తన ప్రశ్నకు జవాబు రాలేదని. ఆలోచింపజేసే ప్రశ్నతో సభ ముగిసిందని కార్యదర్శి అందరికీ ధన్యవాదాలు చెప్పాడు.

వైరు చుడుతుంటే పైపులాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. బల్ల మీద ఆడిన చెయ్యి ఇప్పుడు జేబులో ఉంది.

“ఎన్నాళ్లనుంచి?”

“చాన్నాళ్లయిందండి.”

“మా నాన్నకీ ఇలాగే మొదలైంది.” 

తర్వాత ఏమైందో చెబుతాడని అతను వైరు పట్టుకుని ఆగాడు. పైపులాయన మెడ దగ్గర గుండీ సవరించుకుని, “జాగ్రత్త” అని వెళ్లిపోయాడు. ఆయన చెప్పనిదంతా అతనికి తెలిసిపోయింది. చేతిలోంచి వైరు జారి, చుట్టిందంతా విడిపోయింది.

ఆఖర్న మాస్టారు వచ్చాడు. హాలు ఖాళీ అయింది. ఆయన మైకు వంక అనుమానంగా చూశాడు.

“అది ఆపేశావా?”

“ఆపేశానండి.”

“ప్రైవేటుకే వెళ్లవయ్యా.” గొంతు బాగా తగ్గించాడు. “వరుసల్లో నిలబడి రోజులు పోగొట్టుకోకు. మా ఆవిడని నేను అక్కడికే తీసుకెళ్లాను. ఏం చేయను, భయమేసింది.” కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. “నేను అక్కడ చెప్పింది అబద్ధం కాదు. అలా ఉండాలి. కానీ ఇప్పుడు అలా లేదు.”

“అలాగేనండి” అన్నాడతను. ఆయన మీద కోపం రాలేదు. ఆయనకే భయమేసిందంటే, తనకు ఇంకా భయమేసింది.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. అతను బాక్సులు దించి, గోడకు చేర్చి, పక్కన కూలబడ్డాడు.

“జలుబు కాదు” అన్నాడు.

“తెలుసు,” అంది ఆవిడ. “ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా. నేనే ముందు అంటే అది నిజమైపోతుందేమోనని నోరు మూసుకున్నా.”

“పెద్ద చోటికి వెళ్లమన్నాడు డాక్టరు.”

“వెళ్దాం.”

“ఏ పెద్ద చోటికి?”

ఆవిడ ఏడవదలుచుకోని మనిషి పీల్చినట్టు ముక్కు గట్టిగా ఎగపీల్చింది. “ముందు ఒకచోటికి వెళ్దాం. కాదంటే రెండోదానికి పోదాం. పొద్దున్నే లే.”

పొద్దున్నే లేచారు. తాళం వేస్తుంటే ఎదురింటాయన, “ఎక్కడ సభ హలో?” అనడిగాడు. అతను జవాబు చెప్పకుండా చెయ్యి ఊపాడు.

పెద్ద చోట్లు రెండూ చూశాడతను. ఒకచోట పరీక్షకు పిలుపు వచ్చేలోపు వానలు వెళ్లి చలి మొదలైంది. ఇంకోచోట వెంటనే చేశారు, మిషనూ బాక్సులూ అమ్మేస్తే ఒక్కసారికి సరిపోయింది. మళ్లీ మొదటిచోటికే వచ్చారు. అక్కడి డాక్టరమ్మ మంచిది. కొంచెం ముందుగా వచ్చి ఉంటే బాగుండేదని, తన తప్పే అన్నట్టు నేల చూస్తూ చెప్పింది. కోసి తీసేశాక గొంతు అసలు లేకుండా పోయింది. ఇంటికి పంపేశారు. ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం, భార్య పెరట్లో బట్టలు ఆరేస్తుండగా పోయాడు. పిలిచాడో లేదో ఆవిడకు తెలియదు. తడి చీరను రెండు చేతులా పట్టుకుని జాడిస్తోంది, ఆ చప్పుడులో వినపడి ఉండదు. ఆ మాట ఇప్పటికీ ఎవరితోనూ అనలేదు.

మాట పోయాక, అవసరమైనప్పుడు మోగించి పిలవమని మంచం పక్క కిటికీ గట్టు మీద ఆవిడ ఒక స్టీలు గ్లాసు పెట్టి, అందులో చెంచా వేసి ఉంచింది. గ్లాసు ఇప్పుడూ అక్కడే ఉంది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే, అందులో చెంచా చిన్నగా మోగుతుంది.