ఎముక దగ్గరి మాంసం

మూడో విడత పాలు పోసేసరికి పిండి మళ్ళీ బిగుసుకుంది. లెస్మెస్ మంట తగ్గించి, చెక్క గరిటెను రెండు చేతులా పట్టుకుని తిప్పసాగాడు. ఉదయం ఆరున్నర. జనవరి చలికి బుర్గోస్ ఊరంతా ముడుచుకుని ఉంది. వంటింటి కిటికీ అద్దానికి బయటి వైపు మంచు పేరుకుంది, లోపలి వైపు పాల ఆవిరి పట్టింది.

వంటింటికీ పడకగదికీ మధ్య తలుపు బార్లా తీసి ఉంది. అవతల మంచం మీద అతని భార్య కసిల్దా నాలుగు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు పొయ్యి కనబడదు. చప్పుడు మాత్రం వినబడుతుంది.

"అంచులు వదిలేస్తున్నావు" అంది.

"తిప్పుతూనే ఉన్నానే."

"మధ్యలో తిప్పుతున్నావు. అడుగంటిందంటే నాకిక్కడికి వాసనొస్తుంది. అప్పుడు దాచుకోడానికి నీకు చోటుండదు."

లెస్మెస్ గరిటెను అంచుకు జరిపాడు. అతను పొట్టి మనిషి. కుడి ముంజేయి ఎడమదానికంటే స్పష్టంగా లావు. నలభై ఒక్క ఏళ్ళుగా ఊరి మార్కెట్లో ఒకే కొట్టులో, ఒకే బల్ల దగ్గర నిలబడి, ఉప్పులో ఊరబెట్టి గాలికి ఆరబెట్టిన పంది తొడలను సన్నని పొడవాటి కత్తితో కోస్తున్నాడు. ఎడమ బొటనవేలి మీద తెల్లటి గీతలాంటి మచ్చ ఒకటి ఉంది. పనిలో చేరిన మొదటి వారంలో పడింది. ఆ తర్వాత ఇంకొకటి పడలేదు. ఎంత రుద్దినా ఆ హామ్ మాంసం వాసన అతని చేతులను వదలదు. కసిల్దా ఆ వాసనకు ఎప్పుడూ ముఖం చిట్లించలేదు. పెళ్ళి బేరంలో తనకు కలిసొచ్చిన మొదటి లాభంగా లెస్మెస్ దాన్ని లెక్కేసుకున్నాడు.

కత్తి పట్టినవాడే గానీ ఈ ఇంట్లో అతను గరిటె పట్టింది లేదు. ఇవాళ పట్టాల్సి వచ్చింది. కసిల్దా నాలుగు రోజులుగా ఏమీ తినలేదు. ఎముకల్లో పుట్టిన జబ్బు ఒళ్ళంతా పాకింది. ఆస్పత్రి డాక్టరు లెస్మెస్‌ను వరండాలోకి పిలిచి, ఇక మందుల పని అయిపోయిందని, ఆవిడ ఏది అడిగితే అది పెట్టమని చెప్పాడు. ఆవిడ ఏదీ అడగలేదు. సూపు వద్దంది, పండు వద్దంది. నిన్న సాయంత్రం మాత్రం గోడవైపు చూస్తూ, "క్రోకెటాలు తినాలనుంది" అంది. కొంచెం ఆగి, "బయటివి వద్దు. ఇంట్లోవి" అంది.

ఒక్కటి తింటే చాలనుకున్నాడు లెస్మెస్. తన చేత్తో చేసింది ఒక్కటి.

హామ్ ముక్కలకు కొదవ లేదు. తొడ మధ్యలోని వెడల్పాటి పల్చటి ముక్కలకు జనం వరస కడతారు. ఎముక దగ్గరికి వచ్చేసరికి కత్తి సరిగ్గా ఆడదు, ముక్క అందంగా రాదు, ఎవరూ అడగరు. ఆ చిల్లర ముక్కల్ని యజమాని శనివారం శనివారం కాగితంలో చుట్టి లెస్మెస్ చేతిలో పెట్టేవాడు. ఆ యజమాని పోయాక, హోనొరాతో అనే అతని కొడుకు కూడా ఆ వాడుక మార్చలేదు. తొడ మొత్తంలో రుచి ముదిరేది ఎముక దగ్గరేనని కోసేవాడికి తెలుసు. నలభై ఒక్క ఏళ్ళలో లెస్మెస్ ఆ సంగతి ఒక్క కొనుగోలుదారుకు కూడా చెప్పలేదు. వ్యాపారంలో అబద్ధం ఆడకూడదు, నిజమే. కానీ అడగని ప్రశ్నకు జవాబివ్వాలని ఎక్కడా లేదు.

ఆ ముక్కల్ని పాలతో ఉడికించిన పిండిలో కలిపి, ఉండలుగా వేయించి కసిల్దా క్రోకెటాలు చేసేది. వాటి కోసం ఆదివారాల్లో పై, కింది ఇళ్ళవాళ్ళంతా ఏదో ఒక వంక పెట్టుకుని తలుపు తట్టేవారు.

"లెస్మెస్."

"ఊఁ."

"మన పెళ్ళైన నెలలో నేను మొదటిసారి చేసినవి గుర్తున్నాయా?"

"లేదు."

"అబద్ధాలకోరు. వేశానో లేదో మర్చిపోయి ఉప్పు రెండుసార్లు వేశాను. నువ్వు పదకొండు తిన్నావు. మా అమ్మకు కూడా ఇలా కుదరవన్నావు. నేనూ నమ్మాను, పిచ్చిదాన్ని. మర్నాడు మిగిలింది నోట్లో పెట్టుకుంటే సముద్రం. నిండా పెట్టిన నీళ్ళ కూజా చూస్తే ఖాళీ."

"దాహం వేసింది. తాగాను."

"ఎందుకు చెప్పలేదంటే ఏమన్నావో తెలుసా? అడగలేదుగా అన్నావు." ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గుగా మారింది. లెస్మెస్ గరిటె వదలకుండానే తల వెనక్కి తిప్పి చూశాడు. "నువ్వు తిప్పు" అందామె. "ఆపితే ఉండలు కడుతుంది."

కాసేపటికి పిండి గిన్నె గోడల్ని వదిలి గరిటె వెంట ముద్దగా తిరగసాగింది. జాజికాయ గీకి వేశాడు. "వదిలిందే" అన్నాడు. అప్పటికే కసిల్దా నిద్రలోకి జారిపోయింది. ఈమధ్య ఆమె మాట మధ్యలోనే అలా వెళ్ళిపోతుంది.

గరిటె చివర కొంచెం తీసుకుని నాలుకకు రాసుకున్నాడు. చప్పగా ఉంది. నాలుగు రోజులు ఎండిన నోటికి ఇంత చప్పటిది పెడితే ఒక ముక్క కూడా దిగదు. ఉప్పు డబ్బా తీశాడు. రెండుసార్లు వెయ్యకూడదు, ఒక్కసారే సరిగ్గా వెయ్యాలి అనుకున్నాడు. మళ్ళీ రుచి చూస్తూ సరిపోయేదాకా వేసి, డబ్బా మూత పెట్టి, పొరపాటున కూడా చెయ్యి పోకుండా పై అరలో పెట్టేశాడు. తన జాగ్రత్తకు తనే మెచ్చుకున్నాడు. ఆ తర్వాత బియ్యపు గింజలంత సన్నగా తరిగిన హామ్ మొత్తం పిండిలో కలిపేశాడు.

ముద్దను వెడల్పాటి పళ్ళెంలో పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి, కిటికీ కింద గోడలో ఉన్న గూట్లో పెట్టాడు. బయటి చలి నేరుగా ఆ గూట్లోకి వస్తుంది. వేడి పిండితో చేస్తే నూనెలో పగిలిపోతాయి. మధ్యాహ్నానికి గట్టిపడుతుంది.

ఎనిమిదికి పై అంతస్తు ఎలాదియా వచ్చింది. అతను కొట్టుకు వెళ్ళినప్పుడు కసిల్దా దగ్గర కూర్చునేది ఆమే. గడపలోనే ఆగి అతన్ని ఎగాదిగా చూసింది.

"గడ్డం తెల్లబడిందనుకున్నా. పిండా?"

"పిండే."

"నలభై ఏళ్ళు ఆడమనిషి చేత చేయించుకుని ఇప్పుడు మొదలుపెట్టావన్నమాట. నాకు మిగులుస్తావా?"

"నువ్వడగని రోజు ఎప్పుడు? లోపలికి రా, చలి నీకంటే ముందొచ్చేస్తోంది."

మార్కెట్లో రోజూలాగే గడిచింది. లెస్మెస్ కత్తిని ఆకురాయికి రెండుసార్లు తాకించి, తొడను బిగించి, కోత మొదలుపెట్టాడు. బొచ్చుకోటు వేసుకున్న పెద్దావిడ బల్లకు ఆనుకుని నిలబడింది.

"రేపు మా అల్లుడొస్తున్నాడు. పల్చగా కొయ్యి. ముక్కలోంచి వాడి ముఖం కనబడాలి."

"కనబడితే మీకు తినబుద్ధేస్తుందా, అమ్మా?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. పెద్దావిడ కూడా నవ్వి, వంద గ్రాములు ఎక్కువ తీసుకుంది. కత్తి పని చేత్తోనూ వ్యాపారం నోటితోనూ జరగాలని పాత యజమాని చెప్పేవాడు. లెస్మెస్‌కు రెండూ అబ్బాయి. తనది అనుకోవడానికి కొట్టు లేదు, కారు లేదు, పిల్లలు లేరు. అద్దె ఇల్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పైకి చూస్తే తూకం తేలికే. కానీ నలభై ఏళ్ళలో సాయంత్రం మెట్లెక్కడానికి బద్ధకించిన రోజు ఒక్కటి లేదు. అంత మాట ధైర్యంగా చెప్పగలిగిన కొట్టు యజమాని ఈ మార్కెట్లో ఎంతమంది ఉన్నారో అతనికి తెలుసు. వేళ్ళ మీద లెక్కించవచ్చు, వేళ్ళు మిగులుతాయి.

పన్నెండు దాటాక కొత్తగా పెళ్ళైనట్టున్న అమ్మాయి ఒకతె వచ్చి, క్రోకెటాలకు ముక్కలు కావాలంది.

"పిండిలో ఉప్పు వెయ్యకమ్మా" అన్నాడు లెస్మెస్ కాగితం మడుస్తూ. "దాని ఉప్పు అదే తెచ్చుకుంటుంది."

ఆ మాట అతను కొన్ని వేలసార్లు అని ఉంటాడు. నోరు అలవాటుగా అంది, చెవి వినలేదు. అతని మనసు కిటికీ కింది గూట్లో ఉంది.

ఒంటిగంటకు కొత్త యజమాని అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దాయనా, ఇంటికి పొండి. మీరు గోడ గడియారం చూసిన ప్రతిసారీ ముక్క మందంగా వస్తోంది."

లెస్మెస్ బల్ల మీది ముక్క చూశాడు. నిజంగానే మందంగా ఉంది. ముంజేతి తొడుగులు విప్పి, కత్తి తుడిచి బయల్దేరాడు.

"రెండు చెంచాల పాలు తాగింది, అంతే" అని చెప్పి ఎలాదియా పైకి వెళ్ళిపోయింది. కసిల్దా మెలకువగానే ఉంది. ముఖం మైనంలా పాలిపోయింది. కళ్ళు మాత్రం పాతవే.

"చెయ్యి తడి చేసుకోకు" అంది. "రెండు చెంచాలతో చెయ్యి."

లెస్మెస్ పిండిని ఒక చెంచాతో తీసి, రెండో చెంచాలోకి తిప్పి, మళ్ళీ మొదటిదానిలోకి తిప్పాడు. మొదటివి వంకర పోయాయి. నాలుగోదాని నుంచి చేతికి ఒడుపు తెలిసింది. గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడిలో దొర్లించి, వరసగా పేర్చాడు. ఇరవై రెండు వచ్చాయి. ఆలివ్ నూనెలో చిన్న రొట్టె ముక్క వేసి, అది చిటపటమని పైకి తేలాక, నాలుగేసి చొప్పున వేయించాడు. మూడు పగిలాయి.

ఈ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వేయించినవాళ్ళు చివర్న తినాలి, పగిలినవి వాళ్ళ వాటా. నలభై ఏళ్ళు పగిలినవన్నీ కసిల్దావే. లెస్మెస్ మూడింటినీ పక్కన పెట్టి, గుండ్రంగా బంగారు రంగులో ఉన్నవాటిని ఏరి ఆమె దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆమె ఒకటి వేళ్ళతో తీసుకుంది. పెంకు కరకరమంది. నమిలింది. ఒక్క క్షణం ఆగింది. అతని ముఖంలోకి చూసింది. అతను పళ్ళెం పట్టుకుని, పాఠం అప్పజెప్పిన పిల్లవాడిలా నిలబడి ఉన్నాడు. ఆమె మళ్ళీ నమిలి మింగింది. మెల్లగా మొత్తం తినేసింది.

"ఎలా ఉంది?"

"ఇంకోటి ఇయ్యి."

రెండోదీ తినేసింది. మూడోదానిలో సగం తిని, మిగతా సగం అరచేతిలో పెట్టుకుని చూసి, అదీ నోట్లో వేసుకుంది. లెస్మెస్ మంచం అంచున కూర్చున్నాడు.

"మా అమ్మకు కూడా ఇలా కుదరవు" అంది కసిల్దా.

"వెక్కిరించకు."

"వెక్కిరిస్తే మూడు తింటానా?" ఆమె చెయ్యి అతని ముంజేతి మీద పడింది. "ఒక మాట చెప్తాను, విను. జనమంతా మధ్య ముక్కలు తిన్నారు, మనకు ఎముక దగ్గరివి వచ్చాయి. నేనేమీ నష్టపోలేదు. నీకు తెలియాలని చెప్తున్నాను."

లెస్మెస్ ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు. "నాకూ అంతే" అన్నాడు.

"నీళ్ళు పెట్టు" అందామె. "నిండా. చేతికందేలా పెట్టి, గ్లాసు కూడా పెట్టు. కాసేపు పడుకుంటాను. నువ్వెళ్ళి తిను."

నీలం అంచున్న చిన్న కూజాను అతను అంచుదాకా నింపి ముక్కాలిపీట మీద పెట్టాడు. దిండ్లు రెండు తీసేసి, దుప్పటి భుజాల దాకా లాగి, తలుపు ఓరగా వేశాడు.

వెంటనే తినలేదు. ముందు నూనె వడకట్టాడు. గిన్నె నానబెట్టి రుద్దాడు. పొయ్యి తుడిచాడు. ఆమె లేచి చూస్తే వంక పెట్టకూడదు. ఎలాదియాకు ఆరు వేరే పళ్ళెంలో మూతపెట్టాడు. ఇదంతా గంటకు పైగానే పట్టింది. మూడు తిన్నది, రేపు నాలుగు తింటుందేమో, రేపు కోడిమాంసంతో చేస్తే ఎలా ఉంటుందో అనుకుంటూ కూర్చుని, చల్లారిపోయిన పగిలినదాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం ఆగిపోయింది.

ఉప్పు. నాలుక ముడుచుకుపోయేంత ఉప్పు. కొత్త పెళ్ళికూతురికి కూడా చెప్పే మాట, తన బల్ల మీద తనే రోజూ చెప్పే మాట, ఇవాళ మధ్యాహ్నం కూడా చెప్పిన మాట ఇప్పుడు చెవికెక్కింది. హామ్ కలపకముందే రుచి చూసి ఉప్పు వేశాడు. హామ్ దాని ఉప్పు అది తెచ్చుకుంది.

సగం కొరికినదాన్ని చేత్తో పట్టుకునే లేచాడు. ఎందుకు చెప్పలేదని అడగాలి. అడగలేదుగా అంటుంది. అడిగానే, ఎలా ఉందని అడిగానే అనాలి. అప్పుడు ఆమె నవ్వుతుంది. దగ్గు రాకుండా వీపు పట్టుకోవాలి. తలుపు తోస్తుంటే అతని పెదవుల మీద అప్పుడే నవ్వు ఉంది.

కసిల్దా కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచు కరిగిన అద్దంలోంచి సాయంత్రపు ఎండ దుప్పటి మీద పడుతోంది. దుప్పటి కదలడం లేదు. లెస్మెస్ దగ్గరికి వెళ్ళి, ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. మనిషి మాత్రం వెళ్ళిపోయింది. ముఖంలో నొప్పి జాడ లేదు. పెదవి పక్కన రొట్టె పొడి రేణువొకటి అంటుకుని ఉంటే వేలితో తీశాడు.

ఎలాదియాను పిలవాలి. డాక్టరుకు చెప్పాలి. కాసేపాగి చేద్దామనుకున్నాడు. చేతిలో మిగిలిన సగం ముక్కను, ఉప్పంతా నాలుక మీద కరిగేదాకా నమిలి తినేశాడు. అప్పుడు దాహం వేసి ముక్కాలిపీట వైపు చెయ్యి చాచాడు.

అంచుదాకా నింపి పెట్టిన నీలం అంచు కూజాలో చుక్క నీళ్ళు లేవు.