అరగదీసిన తలుపు

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. గాలి లేదు. తుంపర పడుతోంది కానీ, తమ్ముడి ఇంటి షెడ్డు రేకుల మీద చప్పుడు చేసేంత బలం దానికి లేదు. ఎనిమిదింటికి నా మేనకోడలు మొగుణ్ణీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని కొండదారిన బయలుదేరాలి. ఎక్కవలసిన కారు మా నాన్న ఒకప్పుడు నడిపినది, రెండు తలుపులది, టాపు వెనక్కి మడిచేది. ఆమెకు దాన్ని కానుకగా ఇస్తున్నవాడు ఆమె తండ్రి, అంటే నా తమ్ముడు. షెడ్డుకు తాళం వేసుకుని, ఎవరినీ రానివ్వకుండా, తానొక్కడే బాగుచేశాడు.

"చూడక్కా, పెళ్ళికూతురిలా లేదూ?" అన్నాడు.

రంగు నిజంగానే బాగుంది. నా చూపు ఎడమ తలుపు దగ్గర ఆగింది. కుడి తలుపు అంచున ఉన్న గుండ్రటి మడత దీనికి లేదు. ఆకురాయి గీతలు కొత్త రంగు కింద కూడా కనిపిస్తున్నాయి.

"ఈ తలుపెందుకు అరగదీశావురా?"

"పట్టేస్తుంటే కాస్త ఆకురాయి పట్టాను. మన వంటింటి తలుపు పట్టెయ్యలేదూ?"

"అది చెక్క, వానకు ఉబ్బింది. ఇనుము ఎక్కడైనా ఉబ్బుతుందా?"

ఉద్యోగం చేసినన్నాళ్ళూ కట్టడాల బలాబలాలు పాఠం చెప్పినదాన్ని. పైకప్పు ఉన్న కారులో బరువు కొంత కప్పు మోస్తుంది. టాపు లేని కారులో మొత్తం బరువు నేలబారు ఫ్రేముదే. అది తుప్పుపట్టి పుచ్చితే కారు నడిమికి నులకమంచంలా జారుతుంది, గుమ్మం పైభాగం దగ్గరవుతుంది. తలుపు పెరిగి పట్టెయ్యదు. గుమ్మం కుంచించుకుపోయి పట్టేస్తుంది. వీడు గుమ్మాన్ని వదిలి తలుపును కోశాడు.

"దీంట్లో నువ్వు ఇంకొకరితో కలిసి ఎప్పుడైనా కూర్చున్నావా?"

"ఎవరికీ చెప్పకుండా చేస్తుంటే ఎవర్ని కూర్చోబెడతాను?"

"అయితే ఎక్కు."

ఇద్దరం ఎక్కి చెరో తలుపూ లాగాం. కిర్రుమంటూ పడ్డాయి. తరవాత తెరవబోతే నాది రాలేదు. వాడిదీ రాలేదు. టాపు మడిచే ఉంది కనుక పైన బోలెడంత దారి ఉంది గాని, తలుపు దాటి దూకే మోకాళ్ళు మా ఇద్దరిలో ఎవరికీ లేవు.

"నీ బరువేనక్కా," అన్నాడు.

"నా బరువుకే వంగితే, నలుగురి బరువుకు కొండ మలుపులో ఏమవుతుందిరా? ఫ్రేము కింద నీళ్ళు పోయే చిల్లులు ఏమయ్యాయి?"

"నాన్న పోయిన ఏడే మూసేశాను. వానలో తిరిగొస్తే ఎర్రనీళ్ళు కారి నేలంతా మరకలు. సిమెంటు నేల, కొత్తది."

నేల మీద మరక పడకూడదని చిల్లు మూశాడు. నీళ్ళు ఫ్రేము గొట్టంలోనే నిలిచి దాన్ని లోపలినుంచి తిన్నాయి. అది పుచ్చడం చూసి కూడా, తీగవల కుక్కి, లప్పం పెట్టి, తారు పూశానని గుచ్చి అడిగితే ఒప్పుకున్నాడు. కారు జారింది. తలుపు పట్టేసింది. తలుపును అరగదీశాడు. ఒక్కొక్క తప్పూ ముందు తప్పును దాచడానికే చేశాడు.

"మసిపూసి మారేడుకాయ చేశావు. చేసి, కన్నబిడ్డ చేతిలో పెడుతున్నావు!"

"నీకు చదువుంది కదాని, నేనేం చేసినా ఎర్ర సిరాతో కొట్టేస్తావు. చిన్నప్పట్నుంచీ ఇదే వరస."

"చిన్నప్పుడు నువ్వు పాడుచేసినవి బొమ్మలురా!"

మేము ఈ వరసలో ఉండగా మేనకోడలు వచ్చింది. బస్సులకు బాడీ కట్టే షెడ్డులో వెల్డింగు ఆమె పని.

"ఏంటత్తా, అక్కాతమ్ముళ్ళు షికారుకా?"

"దిగలేక కూర్చున్నామే."

ఆమె నవ్వుతూనే తలుపు లాగింది. రెండోసారి లాగలేదు. నేల మీద పడుకుని, తాళంచెవితో ఫ్రేమును తడుతూ పోయింది. ఖంగు, ఖంగు, ఆ తరవాత చప్పని శబ్దం. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడిదాకా దిగింది. లేచి, అడ్డంగా దుంగ పెట్టి జాకీ ఎత్తింది. ఫ్రేము లేచేసరికి నా పక్క తలుపు దానంతట అదే తెరుచుకుంది.

"యాభై మంది కూర్చునే బస్సులకి ఎముకలు కడుతున్నాను. నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది నాన్నా?"

"కూతురికిచ్చేది కూతురిచేతే చేయించుకుంటారా ఎవరైనా?"

"మరి నా పిల్లల్ని దీంట్లో ఎక్కించుకు పొమ్మన్నావే!"

"కావాలని చేశానా?"

"కావాలనే మూశావు. కావాలనే పూశావు. పైన పటారం, లోన లొటారం. రేపు లోయలో పడితే పటారం పట్టుకుని వేలాడతామా?"

వాడు తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు. కొండదారి ఎక్కే పిల్లల్లో చిన్నదానికి నాలుగేళ్ళు.

ఆ రోజు వాళ్ళు బస్సులో వెళ్ళారు. కారును మేనకోడలు తన షెడ్డుకు లాగించింది. మా ఇంట్లో 'తుప్పు వదలగొడతాను' అన్నది తిట్టుగానే ఉండేది. ఆమె దాన్ని పనిగా చేసి చూపించింది. కోయడానికి ముందే రెండు గుమ్మాలకూ అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డ్ చేసింది. జారిన కారును జారినట్టే కోస్తే ఆ వంకర శాశ్వతమవుతుంది. కనుక ముందు జాకీలతో లేపి, గుమ్మం కొలతలు సరిచేసి, అప్పుడే ఆ కడ్డీలు బిగించింది. పుచ్చిన చోటే కాక, తెల్లటి లోహం తగిలేదాకా కోసింది.

"అంత కొయ్యాలా?" అన్నాడు తమ్ముడు. ఆమె గ్రైండరు ఆపలేదు.

కొత్త గొట్టం పాతదానికంటే మందమైనది వేసి, లోపల నిలువునా మరో పట్టీ పెట్టింది. కింద చిల్లులు తొలిచింది. కడ్డీలు తీసేశాక, ఆమె మొగుడితో కలిపి నలుగురం ఎక్కి కూర్చున్నాం. తలుపులు వేశాం, తీశాం, ఎక్కడా పట్టెయ్యలేదు.

కాని గుమ్మం తన అసలు కొలతకు వచ్చేసరికి, అరగదీసిన ఎడమ తలుపు చాలకుండా పోయింది. పక్కన వేలు దూరేంత సందు మిగిలింది.

"అక్కడ కొంచెం లప్పం పెడితే..." అన్నాడు తమ్ముడు.

షెడ్డులో అందరూ చేతిలో పని ఆపారు.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే," అంది మేనకోడలు, "నిన్నే లప్పంతో మూసేస్తాను. ఆ సందు అలాగే ఉంటుంది. తలుపు తీసినప్పుడల్లా నీకు కనబడాలి."

ఇది జరిగి పన్నెండేళ్ళయింది. ఆ కారును ఇప్పుడు ఆమె కొడుకు నడుపుతున్నాడు. తలుపులు ఒక్క వేలితో పడతాయి. వానలో తాతను చూడడానికి వస్తే, నీళ్ళు ఆ సందులోంచి లోపలికి చేరి, కింది చిల్లుల్లోంచి ఇంటి షెడ్డు నేల మీదికి కారతాయి. ఆ నేల తుడిచేది నా తమ్ముడు.