గంటకో లెక్క

"రోజు మొత్తం మీద చూసుకో. నీ పని ఎంతో, నా పనీ అంతే," అన్నాడు భర్త, అద్దంలో చొక్కా కాలరు సర్దుకుంటూ.

ఆమెకు జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. పళ్ళ మధ్య దువ్వెన ఉంది. కూతురిని వంటగది గుమ్మంలో నిలబెట్టి జడ అల్లుతోంది, అక్కణ్ణించైతే పొయ్యి మీద పాలు కనిపిస్తాయని. అడిగింది చిన్న సంగతే. ఆఫీసు పని మీద రెండు వారాలు పొద్దున్నే ఆరింటికల్లా బయట ఉండాలి, ఇల్లు మీరు చూసుకుంటారా అని. "పొద్దున పూట తప్ప ఎప్పుడైనా వెళ్ళు, నేను కాదన్నానా?" అని కూడా అన్నాడు. అబ్బో, ఎంత ఉదారమో!

అతను అబద్ధం చెప్పలేదు, పాపం. ఆదివారం బండి కడుగుతాడు, వారానికి సరిపడా సరుకులు తెస్తాడు, రాత్రి గిన్నెలు తోముతాడు. గంటలు కూడితే ఇద్దరికీ ఇంచుమించు ఒకటే వస్తాయి. కానీ బండి ఏ వేళప్పుడు కడిగినా ఊరుకుంటుంది. బడి బస్సు ఊరుకోదు. ఆరు నుంచి ఏడున్నర లోపల పిల్ల లేవాలి, పిల్ల స్నానం, పిల్ల మారాం. అత్తగారికి ముందు షుగర్ మాత్ర, సరిగ్గా పావుగంటకు టిఫిను. మొగుడికి అన్నం డబ్బా. "అమ్మాయ్, నా కళ్ళజోడు!" "ఇదిగో, నా బెల్టు చూశావా?" అందరూ ఒక్కసారే. ఒక్కోరోజు బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఊరికే నిలబడుతుంది. రెండు నిమిషాలు కూడా కాకముందే ఎవరో ఒకరు తలుపు తడతారు. ఒకసారి తట్టుకోలేక ఏడ్చేసింది. "ఇరవైనాలుగు గంటలూ పెట్టుకుని, ఆ గంటన్నరకే ఏడుస్తావేంటమ్మా?" అన్నారు అత్తగారు. ఎత్తిపొడుపు కాదు, ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

ఆమె పని చేసేది నీళ్ళ ఆఫీసులో. గొట్టాలు, ట్యాంకులు, పంపులు అన్నీ కంప్యూటర్లో కట్టి, ఏ వీధికి నీళ్ళు ఎంత ఒత్తిడితో అందుతాయో లెక్క తీస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌తో ఒక తిరకాసు ఉంది. రోజును ముక్కలు చేసి ఇమ్మంటుంది. ముక్క ఎంతో మనమే చెప్పాలి. గంట అని చెబితే, ఆ గంటలో వాడిన నీళ్ళన్నీ గంట పొడుగునా ఒకే ధారగా వాడినట్టు సమంగా పరిచేస్తుంది. మధ్యలో పావుగంట ఎవరి గొంతు ఎండిపోయినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ముక్క చిన్నదయ్యేకొద్దీ లెక్క నిజానికి దగ్గరవుతుంది, కానీ బోలెడంత సమయం తింటుంది.

మూడు నెలల కిందట గంట అని పెట్టింది ఆమే. అయిదు నిమిషాలు పెడితే లెక్క తేలి, సరిచూసుకునేసరికి సాయంత్రం ఏడు దాటుతుంది. అయిదున్నరకు పిల్లని ట్యూషన్ నుంచి తీసుకురావాలి. పైగా ఎవరూ అడగలేదు. కొండ మీది వీధికి నీళ్ళు సరిపోతున్నాయని రాసి సంతకం పెట్టేసింది.

మొన్న సోమవారం ఫోను. ఆ వీధి చివరింటి ఆవిడ, ఆస్పత్రిలో ఆయా. "ఏమమ్మా, మీ కాగితంలో మాకు నీళ్ళొస్తున్నాయట! ఆరు దాటాక అరగంట నా కుళాయిలో గాలి తప్ప ఏం రాదు. మా ఆయన మంచం మీదున్నాడు. ఒళ్ళు కడిగి, బట్టలు మార్చి, ఏడింటికి నేను డ్యూటీకి పోవాలి. ఆ తర్వాత మీరు వరద పారించినా నాకెందుకు?"

ఆమె గబగబా ముక్కను అయిదు నిమిషాలకు తగ్గించి లెక్క మళ్ళీ నడిపింది. ఆరూ పది నుంచి ఆరూ ముప్ఫయి అయిదు దాకా ఆ చివరింట్లో ఒత్తిడి సున్నా. ఆ అంకెలు కాగితం మీదికి తీసుకుని లేచింది.

"తప్పు నాదే సర్," అంది పై అధికారి ముందు నిలబడి.

ఆయన మంచివాడే. "తప్పులదేముందమ్మా! కానీ కంప్యూటర్ మాట మీద కొత్త గొట్టం వేయరు. పొద్దున్నే అక్కడ కుళాయికి ఒత్తిడి చూపించే గేజీ పెట్టి రెండు వారాలు కొలవాలి. నీకు ఇంట్లో కుదరదుగా. వచ్చే నెల కొత్త ఇంజనీరు వస్తాడు, అతను కొలుస్తాడు, ఈ నీళ్ళ పథకం రెండో దశ కూడా నీ బదులు అతనే చూసుకుంటాడు. ఏ సంగతీ రేపు పన్నెండింటికల్లా చెప్పు."

ఆ రేపే ఇవాళ. సిటీ బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఆలోచించింది. కుదరదని చెబితే ఆ ఆయా ఇంకో నెల గాలి పట్టుకుని కూర్చోవాలి. తను మూడు నెలలుగా మంచి మనసుతోనే, అంకెలు చూసుకునే, ఆవిడకేం ఇబ్బంది లేదని నమ్మింది. మొగుడు తన గురించి ఏడేళ్ళుగా నమ్ముతున్నట్టే. అతని మీద కోపం తగ్గింది గానీ, నిర్ణయం మాత్రం మెత్తబడలేదు. పన్నెండు దాకా ఆగలేదు. పదింటికే వెళ్ళి, "నేనే కొలుస్తాను సర్, రేపట్నుంచే," అంది.

"చెప్పాపెట్టకుండా ఒప్పేసుకున్నావా?" అన్నాడు భర్త సాయంత్రం.

"పొద్దున అడిగానుగా. మీరు రోజు మొత్తం లెక్క చెప్పారు."

"వాడికి స్టవ్ వెలిగించడం కూడా సరిగ్గా రాదే!" అన్నారు అత్తగారు కంగారుగా.

"అందుకే రెండు వారాలు ఇచ్చారత్తయ్యా," అంది. ఆవిడకి నవ్వొచ్చింది. దాచుకోవడానికి తల తిప్పుకున్నారు.

మర్నాడు ఆరింటికి ఆమె కొండ మీద, ఆయా ఇంటి పెరట్లో, కుళాయికి గేజీ బిగించి, అయిదు నిమిషాలకోసారి అంకె రాసుకుంటోంది. లోపల ఆయా బిందెలు సర్దుకుంటోంది. ఆరూ పదికి ఫోను మోగింది. అవతల పిల్ల ఏడుపు, అత్తగారి కేక, ఏదో దభీమని పడ్డ చప్పుడు. వాటి మధ్యలోంచి అతని గొంతు, ఎన్నడూ లేనంత మెల్లగా వచ్చింది.

"ఇదిగో... ఇదంతా రోజూ ఈ టైముకేనా?"

"అవునండీ, రోజూ," అంది. "ఇంకా గంట పైనే ఉంది. ఉంటాను మరి, ఇక్కడ సూది సున్నాకి వచ్చింది."