ఆకుపచ్చ గీత

పెర్దెబాయ్ దగ్గు ఆగేదాకా బడి గోడ పట్టుకుని నిలబడి, మళ్లీ పార అందుకున్నాడు. నీళ్లు పోయిన ఆరల్ సముద్రం అడుగు నుంచి గాలి తెల్లారకముందే ఉప్పూ ఇసుకా ఎత్తుకొచ్చి గుమ్మంలో పోసింది. చేపల కార్ఖానా మూతపడ్డాక ఆయనకు దొరికిన పని ఇదే. పిల్లలు వచ్చేలోగా ఇసుక తోడెయ్యాలి. రేపు మళ్లీ వస్తుంది. రేపు మళ్లీ తోడాలి.

ఊపిరి పీల్చినప్పుడల్లా ఆయన మెడ కింద గుంటలు లోపలికి పోతాయి. అందుకే ఎండాకాలంలోనూ కాలరు గుండీ తియ్యడు.

పని ముగించి, కోడలు గుల్‌సారానూ మనవరాలు అయ్‌జమాల్‌నూ వెంటబెట్టుకుని దవాఖానాకు వెళ్లాడు. అక్కడ నర్సు తాజగుల్ ప్లాస్టిక్ గొట్టంతో ఊపిరి కొలుస్తోంది. గట్టిగా ఊదితే ముల్లు జరుగుతుంది. ఆకుపచ్చ గీత చేరితే భయం లేదు. ఎరుపులోనే ఆగితే పీల్చే మందు ఇస్తారు. డబ్బాలు కొన్నే వచ్చాయి. పిల్లలకు ఎత్తును బట్టి ఒక లెక్క, పెద్దలకు వయసును బట్టి ఇంకో లెక్క. అబద్ధానికి మాత్రం ఏ లెక్కా లేదు.

మగవాళ్లు దాన్ని కుస్తీ పోటీ చేసేశారు.

"రావయ్యా ముసలి గుర్రమా! నన్ను దాటు చూద్దాం," అన్నాడు కార్ఖానా నాటి నేస్తం కుత్లిమురాత్. "ఓడినవాడు పొట్టేలు తల వండి విందు పెట్టాలి."

"నువ్వే పెట్టు. నీకు తలతో పనేముంది?"

ముందు అయ్‌జమాల్ ఊదింది. ముల్లు ఎరుపు దాటలేదు. నర్సు అడిగినవన్నీ దాచకుండా చెప్పింది. రాత్రిళ్లు లేస్తానంది. పరిగెత్తలేనంది. డబ్బా చేతికొచ్చాక, "తాతక్కూడా రాత్రంతా..." అని మొదలుపెట్టింది.

"పెద్దల మాటల్లో దూరకు," అన్నాడు పెర్దెబాయ్.

తాజగుల్ ఆయన వైపు తిరిగింది. "బాబాయ్, రాత్రిళ్లు ఆయాసంతో మెలకువ వస్తుందా?"

"రాయిలా పడుకుంటా. దేవుడి దయ."

"మెట్లెక్కితే రొప్పు వస్తుందా?"

"మన ఊళ్లో మెట్లెక్కడివమ్మా?"

అందరూ నవ్వారు. తాజగుల్ నవ్వకుండా గుల్‌సారా వైపు చూసింది. మామ ఎదుట కోడలు మామ మాట కాదనదు. గుల్‌సారా తలగుడ్డ ముందుకు లాక్కుని నేల చూసింది.

మూడుసార్లు ఊదితే అందులో మంచిదే లెక్క. మొదటి రెండూ పోయాయి. మూడోసారి పెర్దెబాయ్ ఒంట్లో ఉన్నదంతా ఊదేశాడు. ముల్లు ఆకుపచ్చ అంచు తాకింది. కుత్లిమురాత్ ఓడి, నేస్తం వీపు మీద చరిచాడు. తాజగుల్ మందుల పెట్టె మూసి, తర్వాతి మనిషిని పిలిచింది.

పెర్దెబాయ్ నల్లబడ్డ పెదాలను మీసం కప్పింది.

మధ్యాహ్నం గాలి ముదిరింది. బడి వదిలేలోగా దారి కనిపించాలని పెర్దెబాయ్ మళ్లీ పార పట్టాడు. కాసేపు తోడాడు. కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేవలేదు.

కుత్లిమురాత్ వెతుక్కుంటూ వచ్చాడు. "ఇక్కడున్నావా? లే, పొట్టేలు తల కాల్చి పొయ్యి మీద పెట్టాను. గెలిచినవాడివి, ముందు దాని చెవి కోసే మర్యాద నీదే."

మనిషి గోడకు ఆనుకునే ఉన్నాడు. ఒడిలో అప్పటికే ఇసుక చేరింది.

సాయంత్రం వాకిట్లో మగవాళ్లు గట్టిగా ఏడ్చారు. మంచివాడన్నారు. ఏనాడూ ఒక్క బాధ చెప్పుకోలేదని మెచ్చుకున్నారు. అది విని తాజగుల్ లోపలికి వచ్చింది. పోయినవాడి పక్క తీసెయ్యడానికి గుల్‌సారా ఆయన గదిలోకి వెళ్తోంది. తాజగుల్ ఆమె వెనకే వెళ్లి, గుమ్మంలో ఆగిపోయింది.

"పడుకునేవాడు కాదా?"

"అత్తయ్య పోయినప్పటి నుంచీ ఇంతే."

"మరి చెప్పలేదేం?"

"మీరు అడిగింది ఆయన్ని కదక్కా."

నేల మీద పరుపు చుట్ట విప్పలేదు. గోడకు ఆనించి పేర్చిన బొంతల్లో, కూర్చున్న మనిషి వీపు పట్టేంత గుంట ఉంది.